బ్రోమ్ గడ్డి పొలంలో బేలు ఆకారపు వేట మాటు: చట్రం, కప్పు, కిటికీల గురించి సలహాలు కావాలి

మధు_ఫ్లింట్‌హిల్స్ (కాన్సస్)

అందరికీ నమస్కారం. కాన్సస్ రాష్ట్రంలోని ఫ్లింట్ హిల్స్ ప్రాంతంలో ఒక రైతుగారు తమ బ్రోమ్ గడ్డి (పశువుల మేతకు పెంచే ఒక రకం గడ్డి) పొలంలో విల్లుతో తెల్లతోక జింకలను వేటాడేందుకు నాకు అనుమతి ఇచ్చారు. పొలానికి ఒక పక్కన వాగు, దాని వెంబడి చెట్ల వరుస ఉన్నాయి. జింకలు సాయంత్రం వేళ ఆ చెట్లలో నుండి బయటకు వచ్చి, పొలం నడుమ ఉన్న పల్లం మీదుగా దాటుతున్నాయి. ఆ పల్లానికి బాణం అందే దూరంలో ఎక్కి కూర్చోవడానికి ఒక్క చెట్టు కూడా లేదు. దుకాణాల్లో దొరికే గుడ్డ గుడారం వేద్దామంటే ఆ బయలులో అది దూరానికే కొట్టొచ్చినట్టు కనబడుతుంది, పైగా అక్కడి గాలికి నిలవదు. అదే పొలంలో కోత అయిన తరువాత గుండ్రటి గడ్డి బేళ్లు, అంటే యంత్రంతో చుట్టిన పెద్ద గడ్డి చుట్టలు, చలికాలం దాకా పడి ఉంటాయి, జింకలు వాటిని పట్టించుకోకుండా పక్కనే మేస్తూ తిరుగుతాయి. అందుచేత బేలు ఆకారంలోనే మాటు కట్టుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఇద్దరు కూర్చొని, అందులో ఒకరు విల్లు పూర్తిగా లాగగలిగేంత చోటు కావాలి. చట్రం దేనితో చేయాలి, పైన గడ్డి ఎలా నిలపాలి, కిటికీలు ఏ ఎత్తులో ఉండాలి అనే మూడు విషయాల్లో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

గోదారి_రైతుబిడ్డ (ఐయోవా)

మధు గారూ, రైతుగారి దగ్గర బేళ్లు ఉన్నాయి కదా, వాటినే నాలుగు అడిగి తీసుకొని మూడు వైపులా పేర్చి, పైన రెండు దూలాలు వేసి కప్పేస్తే సరిపోదా? మా ఊళ్లో వరిగడ్డి వామికి ఒక పక్క దూసి గూడు చేసి పిల్లలం దాక్కొనేవాళ్లం. అసలైన గడ్డి ఉండగా చట్రాలు, కమ్మీల శ్రమ ఎందుకని నా సందేహం.

సలైనా_వడ్రంగి (కాన్సస్)

రైతుబిడ్డ గారూ, మీ మాటను కాదంటున్నందుకు మన్నించండి, కానీ ఈ ఒక్క పని మాత్రం ఎవరూ చేయవద్దని గట్టిగా చెప్పవలసి ఉంది. మన వామిలోని గడ్డి చేత్తో దూసుకోగలిగినది. ఇక్కడి గుండ్రటి బేలు 5 అడుగుల వెడల్పు, 5 లేక 6 అడుగుల వ్యాసంతో, యంత్రం బిగించి చుట్టినందువల్ల 1,000 నుండి 1,500 పౌండ్ల దాకా బరువు తూగుతుంది. అది గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి వాలు ఉన్నా దొర్లుతుంది, దొర్లడం మొదలైతే మనిషి ఆపలేడు. ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా అనే ప్రసిద్ధ సంగీత బృందంలో ఒకప్పుడు చెల్లో వాయించిన మైక్ ఎడ్వర్డ్స్ 2010 సెప్టెంబరులో ఇంగ్లండులోని డెవన్‌లో మరణించినది ఇలాగే. సుమారు 600 కిలోల బేలు కొండవాలు మీద నుండి దొర్లి, రోడ్డు మీద వెళుతున్న ఆయన వ్యాను మీద పడింది. వ్యానులో ఉన్న మనిషికే రక్షణ లేనప్పుడు, బేళ్ల నడుమ గూట్లో కుర్చీ వేసుకొని కూర్చున్నవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

బేలును లోపల తొలిచి గూడు చేస్తామనేవారు కూడా ఉన్నారు. చుట్టలో గడ్డి అంతా ఒకదానిని ఒకటి పట్టుకొని ఉంటుంది. నడుమ తీసేస్తే పైభాగానికి ఆధారం పోయి కూలుతుంది. దానికి తోడు, తేమ 20 శాతం దాటి చుట్టిన గడ్డి లోపలే వేడెక్కి, ఒక్కొక్కసారి తనంతట తానే అంటుకుంటుంది. కాబట్టి బయటకు బేలులా కనిపిస్తూ, లోపల తేలికైన చట్రంతో నిలిచే మాటు కట్టడమే సరైన పద్ధతి.

చట్రానికి పశువుల కంచెకు వాడే కమ్మీల పలకలే అన్నిటికంటే మేలు. జింకుపూత వేసిన, నాలుగో నంబరు మందపు తీగతో అతికిన ఈ పలకలు ఏ వ్యవసాయ సామాన్ల దుకాణంలోనైనా 16 అడుగుల పొడవున దొరుకుతాయి. ఆవుల కంచె పలక ఎత్తు 50 అంగుళాలు, పందుల కంచె పలక ఎత్తు 34 అంగుళాలు. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి, 12 అంగుళాల మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా తీగతో కట్టి వంచితే, మీకు సరిగ్గా 6 అడుగుల పొడవున్న సొరంగం ఆకారం వస్తుంది. అడుగున 6 అడుగుల వెడల్పు ఉంచితే కమాను ఎత్తు 6 అడుగుల పైచిలుకు ఉంటుంది. నిజమైన బేలు కంటే ఇది ఒక అడుగు పొడుగే అయినా, బేళ్ల నడుమ ఉంటే దూరం నుండి ఆ తేడా తెలియదు. బేలు కూడా తన బరువుకే అడుగున కాస్త చదునుగా అణిగి ఉంటుంది కాబట్టి మన మాటు పూర్తి వృత్తంగా లేకపోవడం లోపం కాదు.

అడుగు చట్రానికి, నేల తేమకు చెడిపోకుండా మందు పట్టించిన 4×4 అంగుళాల దుంగలు రెండు పొడవునా వేయండి, వాటి ముందు కొనలను పడవ ముక్కులా ఏటవాలుగా కోయండి. అవే జారుడు బల్లలవుతాయి. ట్రాక్టరుకో పికప్ ట్రక్కుకో గొలుసు తగిలించి మాటును లాక్కుపోవచ్చు. అడ్డంగా 2×6 అంగుళాల చెక్కలు బిగించి, వంచిన పలకల కొనలను ఆ దుంగల లోపలి ముఖానికి కంచె మేకులతో కొట్టాలి. వంచే పని మాత్రం ఒక్కరే చేయవద్దు. 16 అడుగుల పలక వంగినప్పుడు ఎంతో బలంతో విచ్చుకోవాలని చూస్తుంది, చెయ్యి జారితే తిరిగి మొహం మీదకే వస్తుంది. కొనలు రెండింటినీ బిగింపు పట్టీతో కట్టి, పట్టీని నెమ్మదిగా బిగిస్తూ కావలసిన వెడల్పుకు తీసుకురండి. కళ్లద్దాలు, తోలు తొడుగులు తప్పనిసరి.

గుండ్రటి ముఖాలు రెండింటికీ అర అంగుళం ప్లైవుడ్‌ను కమాను ఆకారానికి కోసి బిగిస్తే చట్రం అటూ ఇటూ ఊగదు. తలుపు వెనుక ముఖానికి పెట్టండి.

మధు_ఫ్లింట్‌హిల్స్ (కాన్సస్)

వడ్రంగి గారూ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. పందుల పలకను జోడించే ఉపాయం నాకు తట్టలేదు. ఇక గడ్డి నిలపడం సంగతి చెప్పండి. కోడిగూళ్ల వల రెండు పొరల నడుమ గడ్డి కూరిన మాట్ల ఫొటోలు చూశాను, కానీ అవి ఎంత కాలం నిలుస్తాయో అనుమానంగా ఉంది.

ప్లాట్_నది (నెబ్రాస్కా)

ఈ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. వల నడుమ గడ్డి కూరడం బాగానే ఉంటుంది గానీ చాలా శ్రమ, పైగా ఒక గాలివానకు గడ్డి అడుగుకు జారి పైన వల బయటపడుతుంది. రోడ్ల పక్కన కొత్తగా చదును చేసిన వాలుల మీద మట్టి కొట్టుకుపోకుండా పరిచే గడ్డి దుప్పట్లు చూసే ఉంటారు. గోధుమ గడ్డిని పలుచగా పరిచి వలతో కలిపి కుట్టిన చుట్టలవి. 8 అడుగుల వెడల్పు, 112 అడుగుల పైన పొడవుతో వస్తాయి. ఒక్క చుట్ట కొంటే మీ మాటుకు రెండు పొరలు కప్పగా ఇంకా మిగులుతుంది. గడ్డి దుప్పటి ఒక సంవత్సరం పాటు నిలిచేందుకు చేసినది. పూర్తిగా కొబ్బరి పీచుతో చేసిన రకం మూడేళ్ల దాకా ఆగుతుంది. కొబ్బరి పీచు రంగు ముదురు గోధుమ రంగు కాబట్టి, ఎండకూ వానకూ నలిగిన పాత బేలు రంగుకు అదే దగ్గరగా ఉంటుంది. నా సలహా ఏమిటంటే లోపలి పొర కొబ్బరి పీచు, దాని పైన గడ్డి దుప్పటి, ఆ పైన ఆ పొలంలోనే దొరికే గడ్డిని చేతితో పట్టించడం. మీ చుట్టూ ఉన్న బేళ్ల రంగే మీ మాటుకూ ఉండాలి. జూన్‌లో కట్టిన బేలు నవంబరు నాటికి బూడిద రంగుకు తిరుగుతుంది, అప్పుడు పసుపుపచ్చగా మెరిసే మాటు ఒక్కటే వేరుగా కనబడుతుంది.

కొనేటప్పుడు దుప్పటికి కుట్టిన వల ఏ రకమో అడగండి. ప్లాస్టిక్ వలల్లో పాములు, చిన్న పక్షులు చిక్కుకొని చచ్చిపోతాయి. జనపనార వలతో కుట్టినవీ దొరుకుతాయి, కొంచెం ఖరీదైనా అవే తీసుకోండి. వేటకు వెళ్లే మనం, వేటాడని జీవాలను మన సామానుతో చంపకూడదు కదా.

అన్నిటి కంటే లోపల, అంటే కమ్మీలకు ఆనుకొని, కలుపు మొలవకుండా తోటల్లో పరిచే నల్ల గుడ్డను కట్టండి. టార్పాలిన్ వద్దు, గాలికి పటపటమని కొట్టుకుంటుంది, లోపల చెమ్మ పడుతుంది. నల్ల గుడ్డ గాలి ఆడనిస్తుంది, చప్పుడు చేయదు, లోపలంతా చీకటిగా ఉంచుతుంది.

ఇంకొక్క మాట. మీది జింకల వేట కాబట్టి మీకు వర్తించదు గానీ, ఇదే మాటులో బాతులకూ పెద్దబాతులకూ కూర్చుందామనుకునేవారు గింజలు రాలే గడ్డిని వాడకూడదు. వలస పక్షుల వేటపై ఉన్న కేంద్ర నిబంధనలు పంట గడ్డితో మాటును కప్పుకోవడానికి ఒప్పుకుంటాయి, కానీ ఆ గడ్డి వల్ల ధాన్యం నేల మీద రాలి పక్షులకు ఎర కాకూడదు. ఎర పడిన చోటుగా లెక్కకు వస్తే ఆ ధాన్యమంతా తీసేసిన తరువాత కూడా పది రోజుల దాకా అక్కడ వేటాడరాదు.

శ్రీలక్ష్మి_విచిట (కాన్సస్)

మధు గారూ, కిటికీల గురించి నేను రాస్తాను, ఎందుకంటే విల్లు వేసేవారికి ఇక్కడే ఎక్కువ ఇబ్బంది వస్తుంది. కొలతను కాగితం మీద నిర్ణయించవద్దు. చట్రం నిలబెట్టిన తరువాత, మీరు వేటలో వాడబోయే కుర్చీని లోపల వేసుకొని, చలికాలపు కోటు తొడుక్కొని, విల్లును పూర్తిగా లాగి, మరొకరిచేత గుర్తు పెట్టించుకోండి. కంటికి కనిపించే దారి వేరు, బాణం వెళ్లే దారి వేరు. బాణం మీ చూపు కంటే నాలుగైదు అంగుళాలు కిందుగా బయలుదేరుతుంది కాబట్టి, జింక స్పష్టంగా కనబడుతున్నా బాణం కిటికీ అడుగు చెక్కకు తగలవచ్చు. అందువల్ల కిటికీ అడుగు అంచు మీరు అనుకున్నదానికంటే కిందుగా ఉండాలి. వెడల్పు తక్కువ, నిలువు ఎక్కువ ఉన్న కిటికీలు విల్లుకు అనుకూలం. విల్లు పై కొన కమాను వంపుకు తగలకుండా కుర్చీ ఎక్కడ వేయాలో కూడా అప్పుడే చూసుకొని నేల మీద గీత పెట్టండి.

ఒకసారి ఒక్క వైపు కిటికీలే తెరవండి. ముందూ వెనుకా రెండూ తెరిస్తే వెనుక వెలుతురులో మీ ఆకారం నల్లగా కనిపిస్తుంది. జింకకు ఎరుపు, నారింజ రంగులు సరిగా తెలియవు గానీ కదలికను అది చాలా త్వరగా పసిగడుతుంది, నీలం రంగు దానికి బాగా కనబడుతుంది. లోపల నల్లని దుస్తులు వేసుకోండి, జీన్స్ ప్యాంటు వద్దు. సాయంత్రం వేటకు కిటికీ పడమటికి ఉంటే వాలే ఎండ నేరుగా మీ ముఖం మీద పడుతుంది. తూర్పుకో ఉత్తరానికో ఉంటే మంచిది.

నిబంధనల సంగతి కూడా చెప్పాలి, మనవాళ్లు చాలామంది వీటిని తేలికగా తీసుకుంటున్నారు. కాన్సస్‌లో 1957 జూలై 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేటగాళ్ల శిక్షణ పూర్తి చేసి ఉండాలి. కంచె స్తంభాలకు ఊదారంగు పూసి ఉంటే రాతపూర్వక అనుమతి లేనిదే ఆ భూమిలో వేటాడరాదు. తుపాకీ సీజను థాంక్స్‌గివింగ్ పండుగ (నవంబరు నాలుగో గురువారం) తరువాతి బుధవారం మొదలవుతుంది. ఆ రోజుల్లో విల్లుతో కూర్చున్నవారూ నారింజ రంగు టోపీ, ముందూ వెనుకా కనీసం వంద చదరపు అంగుళాల చొప్పున నారింజ రంగు ధరించాలి. ఇక హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. విల్లు ఆ చట్టం ప్రకారం తుపాకీ కిందికి రాదు, కాబట్టి మధు గారి పద్ధతిలో ఆ చిక్కు లేదు. తుపాకీ వైపు వెళ్లదలచినవారు మాత్రం స్నేహితుల మాట మీద ఆధారపడకుండా వకీలును అడిగి తెలుసుకోండి.

గోదారి_రైతుబిడ్డ (ఐయోవా)

వడ్రంగి గారూ, మీ వివరణ చదివాక నిజమైన బేళ్ల ఆలోచన మానుకోవాలని నాకూ అర్థమైంది. మా ఐయోవాలో తుపాకీ సీజనులో మాటులో నుండి జింకలను వేటాడేవారు మాటు మీద 144 చదరపు అంగుళాల నారింజ రంగును అన్ని దిక్కుల నుండి కనిపించేలా ఉంచాలని నిబంధన ఉంది. ఇంతకుముందు అది గుడ్డ గుడారాల కోసమే అనుకున్నాను. బేలు ఆకారపు మాటుకే అది మరింత అవసరమని ఇప్పుడు అనిపిస్తోంది, ఎందుకంటే జింక వెనుక గడ్డి బేలు ఉంటే గుండు అందులో ఆగిపోతుందనే ధీమాతో తుపాకీ పేల్చేవారు ఉంటారు. ఆ బేలులో మనిషి ఉన్నాడని వాళ్లకెలా తెలుస్తుంది?

సలైనా_వడ్రంగి (కాన్సస్)

మీరు చాలా ముఖ్యమైన విషయం ఎత్తారు. దీనికి ఇంకొకటి చేరుస్తాను. బేళ్లను తరలించడానికి వచ్చే ట్రాక్టరుకు ముందు పొడవాటి ఉక్కు శూలాలు ఉంటాయి. డ్రైవరు తెల్లవారుజామున మసక వెలుతురులో వరుసగా బేళ్లను పొడుచుకుంటూ వెళతాడు. మాటు ఎక్కడ ఉందో రైతుగారికే కాదు, ఆయన దగ్గర పనిచేసేవారికీ, పక్క పొలాల వారికీ ముందే చూపించాలి. ట్రాక్టరు వచ్చే వైపు తలుపుకు ఒక ప్రతిఫలక పట్టీ అంటించండి. అది జింకకు ఎదురుగా లేకుండా చూసుకుంటే చాలు.

గాలి గురించి మధు గారు మొదటే అడగవలసింది. నిజమైన బేలు తన బరువుతో నిలుస్తుంది, మనది రెండు వందల పౌండ్ల పైచిలుకు డొల్ల పెట్టె. నాలుగు మూలల్లో మరలు తిరిగిన నేల లంగర్లు దించి, కమాను మీదుగా పట్టీలు వేసి బిగించండి. ఫ్లింట్ హిల్స్‌లో అడుగు లోతులోనే సున్నపురాయి, చెకుముకి రాయి తగిలితే మర దిగదు. అక్కడ కంచెకు వాడే ఉక్కు స్తంభాలను సందు చూసి కొట్టి, చట్రాన్ని వాటికి కట్టాలి.

నల్లరేగడి (నంద్యాల)

ఈ చర్చను ఆసక్తితో చదువుతున్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నిషిద్ధం కనుక నా ప్రశ్న కెమెరాకు సంబంధించినది. రోళ్లపాడు అభయారణ్యం చుట్టుపక్కల పొలాల్లోకి కృష్ణజింకలు మేతకు వస్తాయి. అలాంటి గడ్డి మాటు కట్టుకొని ఫొటోలు తీయవచ్చునా? ఇక్కడ గుండ్రటి పెద్ద బేళ్లు ఎవరి పొలంలోనూ ఉండవు.

ప్లాట్_నది (నెబ్రాస్కా)

నల్లరేగడి గారూ, బేలు ఆకారంలో మహిమేమీ లేదు, అది ఇక్కడి పొలాల్లో ఏటా ఉండే వస్తువు, అంతే. మీ పొలాల్లో జొన్న కోసిన తరువాత చొప్ప కుప్పలు నిలబెడతారు కదా, కృష్ణజింకలు పుట్టినప్పటి నుండి చూసేవి అవే. వెదురు బద్దలతో చిన్న గూడు కట్టి, లోపల నల్ల గుడ్డ వేసి, చుట్టూ చొప్ప నిలబెడితే మీ మాటు సిద్ధం. రైతు ఎక్కడ కుప్ప వేస్తాడో అక్కడే వేయండి, పొలం నడుమ ఎప్పుడూ లేని చోట వేయవద్దు. అభయారణ్యం హద్దు లోపల మాత్రం ఫొటోలకు సైతం అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. బట్టమేకపక్షి కోసమే 1988లో ఏర్పడిన చోటు అది, ఆ పక్షి ఇప్పుడు అక్కడ కనబడడం లేదు. నేల మీద గూడు పెట్టే పక్షులు పొదిగే కాలంలో బయటి పొలాల్లో సైతం గూళ్ల దగ్గరకు మాటు తీసుకుపోవద్దని నా విన్నపం.

శ్రీలక్ష్మి_విచిట (కాన్సస్)

మధు గారూ, ఇంకా రెండు జాగ్రత్తలు. ఎండుగడ్డి గూట్లో గ్యాసు హీటరు వెలిగించవద్దు. మంట అంటుకునే ప్రమాదం ఒకటి, మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ చేరే ప్రమాదం మరొకటి. చలికి దుప్పటి, మంచి బూట్లతో సరిపెట్టుకోండి. రెండవది, గడ్డి ఉన్న చోట ఎలుకలు చేరతాయి. ఇక్కడ జింక ఎలుక (డీర్ మౌస్) అనే చిన్న ఎలుక రెట్టల వల్ల హాంటావైరస్ సోకుతుంది. సీజను మొదట్లో తలుపు తెరిచి గాలి ఆడనిచ్చి, బ్లీచింగ్ కలిపిన నీళ్లు చల్లి తడిపాకే తుడవండి, పొడిగా ఊడ్చవద్దు.

మధు_ఫ్లింట్‌హిల్స్ (కాన్సస్)

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. 6×6 అడుగుల అడుగు చట్రం, రెండు రకాల పలకలు, లోపల నల్ల గుడ్డ, కొబ్బరి పీచు, పైన గడ్డి అని నిర్ణయించుకున్నాను. రైతుగారితో మాట్లాడాను, ఆయన అభ్యంతరం లేదన్నారు గానీ గడ్డి కోత అయ్యాక నవంబరులో కొన్ని ఆవులను ఆ పొలంలోకి తోలుతారట. సీజను అయిపోయాక మాటును అక్కడే వదిలేయవచ్చునా, లేక తీసేయాలా?

సలైనా_వడ్రంగి (కాన్సస్)

ఆవులు వస్తే మాటును గోక్కుంటాయి, గడ్డిని తింటాయి. తినడం వరకు పరవాలేదు గానీ గడ్డితో పాటు ప్లాస్టిక్ వల, ప్లాస్టిక్ తాళ్ల ముక్కలు మింగితే అవి పొట్టలో అరగక పేరుకుపోతాయి. రైతుగారి పశువుకు మన వల్ల హాని జరిగితే ఆ అనుమతి మళ్లీ దొరకదు, దొరకకూడదు కూడా. జనపనార తాళ్లే వాడండి, ఆవులు ఉన్నన్నాళ్లూ మాటు చుట్టూ ఒక వరుస విద్యుత్ కంచె తీగ లాగమని రైతుగారిని అడగండి.

విల్లు సీజను డిసెంబరు 31తో ముగుస్తుంది. ఫ్లింట్ హిల్స్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో పచ్చిక బయళ్లకు నిప్పు పెడతారని మీకు తెలిసే ఉంటుంది. కొత్త గడ్డి బాగా రావడానికి తరతరాలుగా చేస్తున్న పని అది. మీది బ్రోమ్ పొలమైనా పక్క బయలు మంట గాలికి ఇటు రావచ్చు. ఫిబ్రవరి లోపల లంగర్లు విప్పి, గొలుసు తగిలించి, కొట్టం పక్కన మట్టి నేల మీదికి లాగి పెట్టండి. జారుడు దుంగలు వేయమన్నది ఇందుకే. జూన్‌లో రైతుగారు కొత్త బేళ్లు చుట్టగానే మళ్లీ తెచ్చి వాటి వరుసలో నిలబెడితే, సెప్టెంబరు నాటికి జింకలకు అది పాతబడిపోతుంది.

మధు_ఫ్లింట్‌హిల్స్ (కాన్సస్)

అలాగే చేస్తాను వడ్రంగి గారూ. ఈ శనివారం పలకలు తెస్తున్నాను, వంచడానికి రైతుగారి అబ్బాయి సాయం వస్తానన్నాడు. చట్రం నిలబడ్డాక కొలతలతో ఫొటోలు ఇక్కడే పెడతాను.